గంగమ్మకి రావద్దని చెప్పాలట

తదియ

డాక్టరమ్మ ఈ పెట్టెని నా మెడకి తగిలించింది. "పైడమ్మగారూ, మీ బెంగలన్నీ రోజూ దీనికి చెప్పుకోండి, ఇంట్లోవాళ్ళకి చెప్పకండి" అంది. ఇంట్లోవాళ్ళే ఆవిడ చేత ఆ మాట అనిపించారని నాకు తెలుసు. నేను ఏం చెప్పినా ఇది పుస్తకాల భాషలోకి మార్చి రాసుకుంటుందట, అప్పటికప్పుడు విన్న మాటలైతే ఉన్నవి ఉన్నట్టే. నా భాషకేం రోగమో. రెండో తరగతిలో ఉండగా మా బడిని సముద్రం పట్టుకుపోయింది, నా చదువు అక్కడితో సరి.

ఇవాళ్టి బెంగ నా మనవరాలు దివిజ. అది బీచ్‌లో పెళ్ళి చేసుకుంటుందట.

బీచ్ అంటే ఒకప్పటిది కాదు. అది ఎప్పుడో మునిగిపోయింది. మేమంతా కొండకి మెట్లు మెట్లుగా కట్టిన కాలనీల్లో ఉంటున్నాం. మాది ఏడో మెట్టు. కింద పెద్ద గోడ, గోడ అవతల సముద్రం. గోడకి ఇవతల 'అలల తోట' అని ఒకటి కట్టారు. ఎక్కడిదో ఇసక తెచ్చి పోశారు. నీళ్ళు గొట్టాల్లోంచి వస్తాయి. అలలకి కొలతలున్నాయి. పాదం అల, చీలమండ అల, మోకాలి అల. ఏది కావాలంటే అది రాయించుకోవాలి, హోటల్లో దోసె చెప్పినట్టు.

"ఇసక మీద పెళ్ళంటే ఎంత బాగుంటుందో నీకేం తెలుసు అమ్మమ్మా" అంది దివిజ.

"నాకు తెల్దేటే? ఇసక మీదే పుట్టినాను, ఇసక మీదే మీ అమ్మని కన్నాను. ఇసకలో బాగుండీది పీత ఒక్కతే."

దానికి కోపం వచ్చింది. వాళ్ళమ్మ నూకరత్నం నా కూతురే గానీ కూతురి పక్షం. "ఊరుకోవే అమ్మా, దాని సరదా" అంది. సరదాట. సముద్రం నుంచి పారిపోవడానికి మా తరానికి సగం ఆయుష్షు పట్టింది. వీళ్ళు లగ్నపత్రిక పట్టుకుని ఎదురెళుతున్నారు.

పంచమి

పెళ్ళి పనులన్నీ చూసేది మేళం. మనిషి కాదు, గొంతు. పెళ్ళి అయ్యేదాకా మా ఇంట్లో అందరి చేతులకీ ఒక గాజులాంటిది తొడిగారు, అందులోంచి మాట్లాడుతుంది. మనం ఏదంటే అది చేసేస్తుంది. వంటవాళ్ళకి కబురు, పూలకి కబురు, చుట్టాలకి పిలుపు, వాళ్ళొచ్చే బండి, వాళ్ళు కూర్చునే కుర్చీ, అన్నీ అదే.

ఇవాళ పొద్దున్న అలల తోట నుంచి ప్రజ్వల అనే పిల్ల వచ్చింది. ఆ పిల్ల నవ్వు కూడా అద్దెకి తెచ్చుకున్నట్టుంది. పెళ్ళికొడుకు తల్లి వైజయంతిగారు కూడా వచ్చారు. వాళ్ళది పన్నెండో మెట్టు. అంత ఎత్తు నుంచి చూసేవాళ్ళకి సముద్రం అందంగానే ఉంటుంది, చప్పుడు వినబడదు కదా.

నా అనుమానాలు నేను అడిగాను.

"ఏటమ్మా, గాలికి హోమం ఆరిపోతేనో?"

"హోమం చుట్టూ గాలి ఆపేస్తామండీ."

"కుర్చీ కాళ్ళు ఇసకలో దిగిపోయి ముసలోళ్ళు ఎనక్కి పడిపోతేనో?"

"కింద పలకలుంటాయండీ."

"పులిహారలో ఇసక పడితే?"

"మా ఇసక ఎగరదండీ."

ఎగరని ఇసక! దానికి ఇసకని పేరెందుకు, బియ్యం అనుకుంటే సరిపోయేది. వాన వస్తే అని అడిగాను. పైన గొడుగు విచ్చుకుంటుందట. కాకులొస్తే అని అడిగాను. కాకుల్ని రానివ్వరట. పిండం పెట్టేవాళ్ళ గతేమిటో మరి.

అప్పుడు వైజయంతిగారు ముక్కు మీద వేలు పెట్టుకుని, "ఆ ఉప్పు వాసన తీసెయ్యగలరా అమ్మాయ్? మా వైపు వాళ్ళకి పడదు" అన్నారు.

సముద్రం కావాలి, ఉప్పు వద్దు. కోడలు కావాలి, కోడలి తరఫువాళ్ళు వద్దు. ఆవిడ మనసులో రెండూ ఒకటే వాసన. ఈ మాట ఆవిడతోనే అనేద్దును. నూకరత్నం బల్ల కింద నా కాలు తొక్కి పట్టింది.

సప్తమి

ఇవాళ ఒక మంచి పని చేశాను. ఈ గోలలో చెయ్యాల్సిన పని ఇదొక్కటే, ఎవరికీ గుర్తు లేదు.

చేపలు పట్టే మా వాడవాళ్ళ ఇళ్ళలో పెళ్ళంటే మొదటి పిలుపు సముద్రం తల్లి గంగమ్మకి. పసుపు, కుంకుమ, గాజులు, చీర పట్టుకుని ఒడ్డుకి వెళ్ళి, "తల్లీ, మా ఇంట పెళ్ళి, నువ్వు రావాల" అని పిలవాలి. ఆ తర్వాతే మేనమామైనా, మరెవరైనా. ఇప్పుడు గోడ ఎక్కడానికి ఎవర్నీ పోనివ్వరు. అందుకని ఇంట్లోనే, సముద్రం వైపు కిటికీ తెరిచి, పళ్ళెం పట్టుకుని పిలిచాను. గట్టిగా పిలిచాను. దూరం కదా.

చేతి గాజు మాట్లాడింది. "అతిథి పేరు గంగమ్మ. ఇంటి పేరు?"

"ఆవిడకి ఇంటిపేరేటి, నీ మొహం!"

"ఎంతమంది వస్తారు?"

"ఆవిడ ఎంతో ఎవలు లెక్కెట్టగలరు?"

"లెక్క లేదు. ఎక్కడి నుంచి?"

"సముద్రంలోంచి, ఇంకెక్కడి నుంచి?"

"పడవ పంపమంటారా?"

నాకు నవ్వొచ్చింది. "ఆవిడకి పడవేటిరా బాబూ, ఆవిడే వస్తాది. తలుపు తీసి ఉంచు, సాలు."

"అలాగేనండీ" అంది. ఎంత మర్యాదో. పెళ్ళికూతురి కంటే ఇదే నయం, ఎదురు మాట్లాడదు అనుకున్నాను. చాలా రోజుల తర్వాత మధ్యాహ్నం కాస్త కునుకు కూడా పట్టింది.

నవమి

ప్రజ్వల నవ్వు లేకుండా వచ్చింది. మొహం అప్పుడు కాస్త మనిషి మొహంలా ఉంది.

అలల తోటకి సముద్రం వైపు ఒక నీటి తలుపు ఉందట. పెద్ద పెద్దవాళ్ళు పడవల మీద వస్తే తెరుస్తారట. పౌర్ణమి పొద్దున్న సరిగ్గా ముహూర్తానికి ఆ తలుపు బార్లా తెరవాలని మేళం రాసిపెట్టుకుంది. ఎవరి కోసమయ్యా అంటే గంగమ్మగారి కోసం. లెక్క లేదు, సొంతంగా వస్తారు, తలుపు తీసి ఉంచాలి. పౌర్ణమి పోటు మామూలు పోటా? తలుపు తీస్తే ఇసక, పందిరి, పెళ్ళికొడుకు, అందరూ ఏడో మెట్టు దాకా తేలుతూ వస్తారు.

"ఎవరండీ ఈ గంగమ్మగారు?" అంది ప్రజ్వల.

నూకరత్నం నా వైపు చూసింది. దివిజ నా వైపు చూసింది. నేను కిటికీ వైపు చూశాను.

"ఆ పేరు తీసెయ్యండి" అంది దివిజ.

"మేం తియ్యకూడదండీ. పిలుపు చట్టం."

అది నాకు వాళ్ళకంటే బాగా తెలుసు. నీళ్ళొచ్చిన ఏడు, మా పాతపేటలో పడవల్లోకి ఒక్కొక్కర్నీ పేరు పెట్టి పిలిచారు. పిలిచిన పేర్లు మధ్యలో ఎవరెవరో కొట్టేయించి తమవాళ్ళ పేర్లు రాయించుకున్నారు. మా ఆయన పోలయ్యని పిలిచారు, పడవ దాకా వెళ్ళాడు, నీ పేరు లేదన్నారు. ఒడ్డునే ఉండిపోయాడు. అలా ఉండిపోయినవాళ్ళ కోసం తర్వాత ఈ చట్టం పెట్టారు. ఒకసారి పిలిచాక ఆ పేరు ఎవరూ కొట్టెయ్యకూడదు. పిలిచిన నోరే వద్దనాలి. ఈ లోకంలో నేను తిట్టని చట్టం అదొక్కటే.

"అయితే మీరే చెప్పెయ్యండి మామ్మగారూ, 'గంగమ్మగారు రావద్దు' అని. ఒక్క మాట" అంది ప్రజ్వల.

ఒక్క మాటట! పిలిచి కాదన్న ఇంట్లో పసుపు నిలవదని మా అత్త చెప్పేది. పిలవకపోతే మరిచిపోయారనుకుంటుంది, క్షమిస్తుంది. పిలిచి వద్దంటే? చుట్టాన్ని అంటేనే తరతరాలు గుర్తుంచుకుంటారు. ఈ పిల్లకి అదేం అర్థమవుతుంది, నవ్వే అద్దెకి తెచ్చుకున్నది.

దశమి

వద్దు అనకుండా వద్దని చెప్పాలి. అందుకు మార్గాలు లేకపోలేదు. పొద్దున్నే స్నానం చేసి కిటికీ దగ్గర నించుని ఎంతో మర్యాదగా, "తల్లీ, ఈపాలికి పోయిరా" అన్నాను.

"గంగమ్మగారు వెళ్ళి మళ్ళీ వస్తారు. తలుపు రెండుసార్లు తెరుస్తాం" అంది మేళం.

"ఓలమ్మో! అది కాదు. తల్లీ, తర్వాత తీరుబాటుగా రా."

"తీరుబాటుగా. భోజనాల తర్వాత తలుపు ఎక్కువసేపు తెరిచి ఉంచుతాం."

"ఒసే, నోరు ముయ్యి! తల్లీ, నీకు ఎప్పుడు కుదిరితే అప్పుడే రా, తొందర నేదు."

"ఎప్పుడైనా రావచ్చు. తలుపు రోజంతా తెరిచే ఉంటుంది."

నూకరత్నం పరిగెత్తుకొచ్చి నా నోరు మూసింది. "ఇంకో మర్యాద మాట అన్నావంటే కొండ కూడా ములిగిపోద్ది!"

ఇదీ మేళం తెలివి. ఊరంతా మొక్కుతున్న తెలివి. తెలుగువాడు 'పోయిరా' అంటే పొమ్మనీ కాదు, రమ్మనీ కాదని పుట్టిన పిల్లకి తెలుసు. దీనికి తెలియదు.

మధ్యాహ్నం నూకరత్నం తలుపేసుకుని, నా గొంతులా ముక్కుతూ దగ్గుతూ, "ఇదిగో నాను పైడమ్మని, గంగమ్మ రావద్దు" అంది. లోపల నుంచి మేళం మాట నాకు వినబడింది: "నూకరత్నంగారూ, దగ్గు బాగా వచ్చిందండీ. వైద్యుణ్ణి పిలవమంటారా?"

నేను అలా దగ్గుతానా?

ద్వాదశి

వైజయంతిగారు మళ్ళీ దిగి వచ్చారు. కుర్చీ తుడిచి కూర్చున్నారు.

"చూడండమ్మా, మాకు ఇవన్నీ పట్టింపు లేదు. కానీ ఎల్లుండి చతుర్దశి సాయంత్రం లోపు ఆ పేరు తీయకపోతే అలల తోట వాళ్ళు పెళ్ళి రద్దు చేస్తారట. మళ్ళీ రెండేళ్ళ దాకా ఖాళీ లేదట. అంత కాలం మా ఇషాంత్ ఆగాలంటే..." అని ఆగారు. ఆ ఆగడంలో ఉంది అసలు సంగతి. పదకొండో మెట్టులో ఎవరో సంబంధం ఉంది, ఆవిడ కళ్ళు అటే ఉన్నాయి. మా గంగమ్మ ఆవిడకి పుణ్యం కట్టుకుంది.

ఆవిడ వెళ్ళాక పిల్లాడు ఇషాంత్ గుమ్మం దగ్గర మిగిలిపోయాడు. సన్నగా, మెడ పొడుగు, కొంగ లాగా ఉంటాడు. "అమ్మమ్మగారూ, ఆవిడకి వేరే రోజు భోజనం పెడదామండీ, ఇద్దరం వెళ్ళి పిలుద్దాం" అన్నాడు. చుట్టమనుకున్నాడు. వాడికి ఇంకా ఎవరూ చెప్పలేదన్నమాట.

దివిజ వంటింట్లో నేల మీద కూర్చుని ఏడుస్తోంది. చిన్నప్పుడు కూడా అక్కడే కూర్చుని ఏడ్చేది.

"ఏటే, గోడ ఇవతల ఉప్పు నీళ్ళు తక్కువైనాయని నువ్వు పోస్తున్నావా?"

"నీకు నా పెళ్ళి ఇష్టం లేదు. అందుకే చేశావ్."

"ఛీ, అదేం మాట."

"మరి చెప్పు. వద్దని చెప్పు. సముద్రానికి చెవులుంటాయా అమ్మమ్మా?"

"నీకేదైనా ఐతే?"

"నాకు ఇప్పుడే అవుతోంది కదా!" అంది. "ఆయన తప్ప నాకెవరూ వద్దు. వాళ్ళమ్మకి వంక దొరికింది. నువ్వే ఇచ్చావ్."

పప్పు మాడింది. నాది కాదు, అది చేసిన పప్పే. ఒకవైపు పిలిచి కాదన్న పాపం, ఒకవైపు పిల్ల ఏడుపు. రెంటి మధ్యా నన్ను కూర్చోబెట్టి ఎవరి సరదా వాళ్ళు చూసుకుంటున్నారు. బీచ్ పెళ్ళిట, బీచ్ పెళ్ళి. గుడి మెట్ల మీద నిమిషంలో అయిపోయేదానికి!

చతుర్దశి

"కిటికీలోంచి చెప్పను. మొహం చూసి చెప్తాను. గోడ ఎక్కించండి" అన్నాను.

ప్రజ్వల ఎవరెవరినో బతిమాలింది. మధ్యాహ్నం దాటాక నన్నూ నూకరత్నాన్నీ పైకి తీసుకెళ్ళింది. నేను సముద్రాన్ని అంత దగ్గరగా చూసి ఎన్ని ఏళ్ళయిందో. ఏమీ మారలేదు. సిగ్గూ లేదు, వయసూ రాలేదు. గోడకి తల కొట్టుకుంటూ, నురగలు కక్కుతూ, ఎప్పుడూ ఉన్నట్టే ఉంది. పళ్ళెంలో పసుపు, కుంకుమ, గాజులు, చీర తెచ్చాను. బతిమాలుకుందామనే వెళ్ళాను. "తల్లీ" అన్నాను.

ఆ మాట తర్వాత ఏమొచ్చిందో నాకే తెలియదు. ఈ పెట్టెకి తెలుసు, మెడలోనే ఉంది కాబట్టి.

"తల్లీ, మా పాతపేటకి వచ్చినప్పుడు నిన్నెవలు పిలిసినారే? నా పెనిమిటిని తీసుకెల్లినప్పుడు బొట్టెట్టి పిలిసినానా? బడిలోకి వచ్చినావు, గుడిలోకి వచ్చినావు, నా వంటగదిలోకి వచ్చి పొయ్యార్పినావు. ఎవలైనా రమ్మన్నారా? పిలవని ఇల్లల్లా తిరిగి తిన్నదానివి, నీకు పిలుపు మర్యాదలొకటా! ఇన్నాళ్ళూ నీకు బయపడి పూజ సేసినాను. నువ్వు పూజకి లొంగినదానివి కాదు, బయానికి లొంగినదానివి కాదు. ఇను. నా మనవరాలి పెళ్ళికి నువ్వు రావద్దు. 'పోయిరా' అనను. పో!"

నూకరత్నం రెండు చేతులతో చెవులు మూసుకుంది. ప్రజ్వల నోరు తెరిచి నించుంది.

"గంగమ్మగారి పిలుపు రద్దయింది. కారణం చెబుతారా?" అంది మేళం.

"నీకెందుకే!"

"కారణం: నీకెందుకే. రాసుకున్నాం. ధన్యవాదాలండీ."

పళ్ళెం అక్కడే పెట్టేసి దిగాను. దిగుతుంటే ప్రతి మెట్టుకీ ఒకటే ఆలోచన. నేను అన్నది నా మీద పడితే సరే. పెళ్ళికూతురి మీద పడితే?

పౌర్ణమి

గంగమ్మని తిట్టినవాళ్ళు పెళ్ళికూతుర్ని తాకకూడదు. అందుకని నేను పందిట్లోకి వెళ్ళలేదు. తెల్లారకుండానే ప్రజ్వలని పట్టుకుని మళ్ళీ గోడ ఎక్కించమన్నాను. ఆ పిల్ల ఈసారి ఒక్క ప్రశ్న అడగలేదు. ప్లాస్టిక్ కుర్చీ, గొడుగు, మంచినీళ్ళు తనే మోసుకొచ్చింది. అంత చెడ్డదేం కాదు.

పెళ్ళికి వీపు పెట్టి, సముద్రానికి ఎదురుగా కూర్చున్నాను. కోపం వస్తే ముందు నేనే దొరకాలి, పిల్ల దాకా వెళ్ళకూడదు. అదీ నా లెక్క. డాక్టరమ్మ వింటే ఇంకో పెట్టె తగిలిస్తుంది.

పోటు వచ్చింది. నీళ్ళు గోడ పైకి పాకాయి. అడుగున్నర తక్కువలో ఆగి, ఊపిరి పీలుస్తున్నట్టు పైకీ కిందకీ ఊగాయి. వెనకాల సన్నాయి, నవ్వులు, పంతులుగారి గొంతు. వైజయంతిగారు ఎవర్నో "చీలమండ అల అన్నాం కదా, మోకాలి దాకా వస్తోందేంటి!" అని కసురుకోవడం కూడా వినబడింది. డోలు మోత పెరిగింది. జీలకర్ర బెల్లం అయిందన్నమాట. తర్వాత గట్టిమేళం. తాళి. నేను కుర్చీ రెండు చేతులా గట్టిగా పట్టుకుని, కళ్ళు ఆర్పకుండా సముద్రాన్నే చూశాను.

అది ఏమీ చెయ్యలేదు.

వచ్చినంత వచ్చింది, దిగినంత దిగింది. నేను రమ్మన్నప్పుడూ అంతే, పొమ్మన్నప్పుడూ అంతే. నాకు హాయిగా ఉండాలి. ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళ నా భయం దానికి పట్టనే లేదా? నా తిట్లు కూడా పట్టలేదా? పోలయ్యని ఎందుకు తీసుకెళ్ళిందో కూడా దానికి గుర్తుండదు, చూస్తూ ఉండండి.

వెనక మెట్ల మీద గజ్జెల చప్పుడు. దివిజ పట్టుచీర మోకాళ్ళ దాకా ఎత్తిపట్టుకుని రొప్పుతూ వచ్చింది. వెనకాల కొంగ మెడవాడు, కొంగు ముడి ఊడకుండా పరుగు. కింద నుంచి వైజయంతిగారు, "ఫొటోలూ! ఒరే, ఫొటోలు!" అని కేకలు.

"లే. అక్షింతలు వెయ్యి" అంది దివిజ.

"నానెయ్యకూడదే. ఎల్లు, కిందకి ఎల్లు. నానేటన్నానో నీకు తెల్దు."

"తెలుసు. ప్రజ్వల మేళం చేత వినిపించింది. పెళ్ళిలో అందరూ విన్నారు."

నా ప్రాణం పోయింది. "మీ అత్తగారు?"

"నోట మాట రాలేదు ఆవిడకి. అదొక్కటి చాలు నాకు, ఈ పెళ్ళికి." నవ్వింది. తాళికి పసుపు ఇంకా తడిగా ఉంది.

ఇషాంత్ సముద్రం వైపు తిరిగి చేతులు జోడించాడు. ఏమనాలో తోచక, "ఏమండీ, నమస్తే" అన్నాడు. సముద్రాన్ని 'ఏమండీ' అన్న మనిషిని ఇన్నేళ్ళ బతుకులో వీణ్ణే చూశాను. ఇలాంటివాణ్ణి ఎవరూ ఏమీ చెయ్యరు, చెయ్యబుద్ధి కాదు.

దివిజ నా ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. నా గుప్పిట్లో అక్షింతలు కుక్కి, నా చేతి కింద తల పెట్టింది. "భయపడుతూనే వెయ్యి. భయం తగ్గాక వేస్తానంటే అప్పటికి నాకు మనవలు పుడతారు."

వేశాను. సగం పిల్ల జుట్టులో పడ్డాయి. సగం గాలికి గోడ దాటి నీళ్ళలో పడ్డాయి. నేను వంగి చూశాను. పసుపు బియ్యం నురగ మీద కాసేపు తిరిగి తిరిగి లోపలికి వెళ్ళిపోయాయి. అంతలేసి మాటలు పడ్డాక కూడా వచ్చి అక్షింతలు తీసుకుంది. దానికి సిగ్గు లేదు. ఇంకో గుప్పెడు తీసి విసిరాను. నాకూ లేదు.